మీసం దాకా వచ్చే ఫోటో

శ్రీనూ,

మన ఫ్లెక్సీల కొట్లోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. ప్రాసెసర్‌కి పది కోర్లట. నువ్వుంటే నరసరావుపేటంతా చెప్పుకుని తిరిగేవాడివి.

మన పాత డ్యుయల్ కోర్‌కి ఎండలు మొదలైతే పక్క మూత తీసి, కొట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యాన్‌నూ దాని వైపే తిప్పేవాడివి. "మనకి చెమట పడితే ఏందిరా మస్తానూ? అది ఆగిపోతే తిరునాళ్ళ ఫ్లెక్సీలు ఎవడేస్తాడు?" అనేవాడివి. పెద్ద ఫోటో తెరిస్తే పైనుంచి కొంచెం కొంచెంగా కిందికి దిగేది. జుట్టు, నుదురు, కళ్ళు. మీసం వచ్చేసరికి మన టీలు అయిపోయేవి.

నిన్న మీ ఆవిడ వచ్చి నీ సంవత్సరీకానికి ఫ్లెక్సీ వేయమంది. కొత్తదాంట్లో నొక్కీ నొక్కగానే నీ ముఖమంతా ఒక్కసారే వచ్చేసింది. దండ వేశాను, పేరు కొట్టాను.

"అప్పుడే అయిపోయిందా అన్నా?" అంది.

ఆమె వెళ్ళాక పాతదాన్ని అటక మీంచి దించాను. నీ ముఖం మెల్లగా దిగుతుంటే కాసేపు చూద్దామనిపించింది. మూత తీసి, ఫ్యాన్ అటు తిప్పి, స్విచ్ వేశాను. అది ఆన్ కాలేదు.

ఫ్యాన్ ఇంకా దాని వైపే ఉంది. నాకు చెమట పడుతూనే ఉంది.

మస్తాన్