అయిదింటి సైరన్

పటాన్‌చెరు, 13-2-89

పద్మావతికి,
సుధ క్షేమంగా ఉంది. జ్వరమూ లేదు, దెబ్బా లేదు. ఇక తిట్టు.

మొన్న శనివారం పక్కింటి పుష్పమ్మగారు ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి వెళ్ళారు. పిల్లని ఎవరి దగ్గర వదలను? గడ్డపోతారంలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే మా జట్టు వ్యానులోనే తీసుకెళ్ళాను. పొరుగూరి ఆట చూడటం దానికిదే మొదలు. నా గోలు వెనకే తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను.

మన గ్రౌండులో అయిదింటి సైరన్ మోగితే సగం ఆట అయినట్టే కదా. అక్కడా అయిదింటికి ఏదో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. నేను గ్లవ్స్ తీసేసి, మంచినీళ్ళ కోసం సుధ దగ్గరికి నడిచాను. కెప్టెన్ కిష్టయ్య అరిచాడు: "గది మన సైరన్ గాదు రావుసాబ్! గోలు ఇడిశిపెట్టి ఏడికి పోతున్నవ్?" తిరిగి చూసేసరికి బంతి వలలో ఉంది. ఆ ఒక్క గోలుతోనే ఓడిపోయాం.

వ్యానులో అందరూ నాకు వీపు తిప్పి కూర్చున్నారు. సుధ నా ఒళ్ళోంచి లేచి, "నాకు దూపైతుందని వచ్చిండు మా నాన్న. తప్పు నాది" అంది. దానికి దాహమే వెయ్యలేదు. కిష్టయ్య ముందు నవ్వాడు, తర్వాత అందరూ.

దాని నీలం గౌను ఏ పెట్టెలో పెట్టావు? నీకు కాళ్ళవాపు తగ్గిందా? పురుడు ఎప్పుడన్నారో రాయి. అత్తయ్యగారికి, మామయ్యగారికి నమస్కారాలు.

ఇది రాస్తుండగానే మన సైరన్ మోగింది. సుధ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, "గిది మనదే నాన్నా, ఇగ తాగు" అంటోంది.

భాస్కరరావు