మదన్ బావ ఇచ్చిన స్పీకరు

సింగానల్లూరు,
ఆడి నెల, శనివారం పొద్దున

నాయనకు సరణ్య నమస్కారం. ఇక్కడ అమ్మా నేనూ వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. క్షేమం అని రాయడానికి అది చాలనుకుంటాను. గుంటూరు ఎండలకు మీ మోచేతుల మీద లేచిన పొక్కులు తగ్గాయని రాశారు, సంతోషం. మిల్లులో దూది దుమ్ముకు మూతికి గుడ్డ కట్టుకోవడం మాత్రం మానకండి.

మీ ఉత్తరం పోయిన శనివారం అందింది. నాలుగు పేజీల్లో రెండు పేజీలు నేను ఎలాంటిదాన్నో నాకే చెప్పడానికి సరిపోయాయి. చదువు తలకెక్కిందట. వచ్చే ఆవణి నెలలో నాకు తాళి కట్టబోయే అత్త కొడుకు ప్రేమగా ఇచ్చిన వస్తువును కావాలనే పాడుచేశానట. ఇంటి మాటలు బయటికి మోసి, ఏమీ ఎరగనట్టు ఏడుస్తానట. ఇరవై మూడేళ్లుగా చూస్తున్న కూతురిని వేరేవాళ్ల మాటల్లో చూసుకున్నారు నాయనా. ఎనిమిదో తరగతిలో మన పాత రేడియో విప్పి బాగుచేశాను. అది మళ్లీ పాడిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, విప్పానన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. ఇదీ అట్లాగే.

ఫోను ఉండగా కాగితం ఎందుకు పట్టుకున్నానంటే, మన ఇంట్లో అందరం తెలుగే మాట్లాడినా ఈ అక్షరాలు తెలిసింది ఇద్దరికే. మీరు ఆ మిల్లుకు పోయిన కొత్తలో బస్సు బోర్డులు చదవడానికి నేర్చుకున్నారు, సెలవులకు వచ్చి నాకు నేర్పారు. అమ్మకు అరవం ఒక్కటే వచ్చు. అత్తకూ, బావకూ అంతే. దీన్ని హాల్లో బల్ల మీద వదిలి పోయినా చదివే మనిషి లేరు.

మూడు నెలల వస్తువు ఎందుకు చచ్చిందని అడిగారు. చెబుతాను.

తాంబూలాలు మార్చుకున్న రోజు బావ ఇచ్చిన ఆ నల్ల స్పీకరు చెంబంత ఉంటుంది. నీ గదిలోనే ఉంచుకో అని తానే తెచ్చి నా తలగడ పక్క గూట్లో పెట్టాడు. తర్వాత ఏ మెసేజి పెట్టినా చార్జి పెట్టావా అనే అడిగేవాడు. తిన్నావా అని అడగడం కంటే అదే ఎక్కువ. ఈ నెల మొదట్లో పాటలు వినబుద్ధి కాక నాలుగు రోజులు చార్జి పెట్టలేదు. సోమవారం నొక్కితే లైటు రాలేదు. నేను ఎవరితోనూ అనలేదు, అమ్మతో కూడా. ఆ సాయంకాలం బావ తన పంపు మోటార్ల వర్క్‌షాపు మూసి నేరుగా మన ఇంటికి వచ్చాడు. చెప్పులు విడవకముందే అడిగాడు.

“స్పీకరు చెడిపోయిందా పాపా? ఇట్ల ఇయ్యి, నేను చూస్తా. బయట అంగట్లో ఇయ్యొద్దు.”

నీకెలా తెలుసు అన్నాను. పాట వినబడలేదు గదా అని నవ్వాడు. వాళ్ల ఇల్లు మన ఇంటికి మూడు వీధుల అవతల ఉంది నాయనా.

వెతికి ఇస్తానని పంపేశాను. మరునాడు మళ్లీ వచ్చాడు. బుధవారం వాళ్లమ్మ అమరావతి అత్తను కూడా వెంటబెట్టుకొని వచ్చాడు. ఆమె కాఫీ తాగుతూ నా గది గుమ్మం వైపే చూసింది. చివరికి మీ ఉత్తరంలోనూ అదే మాట: మదన్ చేతికే ఇయ్యి, బయట విప్పించొద్దు. చెంబంత స్పీకరు కోసం ఇంతమందికి ఇంత తొందర ఎందుకో నాకు అర్థం కాలేదు.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్. తీగ మార్చాను. నా చార్జరు తీసి అమ్మది పెట్టాను. చార్జి పెట్టే రంధ్రంలో పేరుకున్న దుమ్మును పుల్లతో మెల్లగా తీశాను. ఆన్ బటను పదిహేను సెకన్లు పట్టుకున్నాను. దాన్నీ, శబ్దం పెంచే బటన్నీ కలిపి నొక్కితే మొదటికి వస్తుందని డబ్బాలోని కాగితంలో ఉంటే అదీ చేశాను. ఏమీ లేదు. ఇక చార్జికి పెట్టి వదిలేసి, బట్టలు ఆరేసి, రెండు గంటల తర్వాత చూస్తే ఎర్ర లైటు వెలుగుతోంది. బ్యాటరీ మరీ అడుగంటిపోతే లేవడానికి అంత సేపు పడుతుంది. గురువారం మధ్యాహ్నానికి నిండింది. పాట పెట్టి చూశాను, గొంతు బాగుంది. ఆపి గూట్లో పెట్టాను. ఆ రోజు బావ రాలేదు.

శుక్రవారం సాయంకాలానికి అది మళ్లీ చచ్చింది. బావ మళ్లీ వచ్చాడు.

ఆపి పెట్టిన స్పీకరు ఒకటిన్నర రోజులో ఎట్లా ఖాళీ అవుతుంది? ఆపినా దానిలో ఏదో మేలుకుని ఉంది, తాగుతోంది. సోమవారం అమ్మ కోవెలకు పోయిన వేళ తలుపు గడియ పెట్టి, అడుగున రబ్బరు పాదాలు పీకి, నాలుగు మరలు విప్పాను. రెండు బ్యాటరీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోదాని గూట్లో నల్ల టేపు చుట్టి, సగం అగ్గిపెట్టె అంత బోర్డు. దాని తీగలు ఆ మిగిలిన బ్యాటరీకి అతికించి ఉన్నాయి. అది కంపెనీ అతుకు కాదు, మోటార్లు చుట్టేవాళ్లు వేసే లావాటి అతుకు. ఆ చేతిపని నేను బావ వర్క్‌షాపులో చూసిందే. టేపు ఒలిచాను. లోపల ఒక మైకు, ఒక సిమ్ము. ఆ నంబరుకు ఫోను చేస్తే అది మోగకుండానే తెరుచుకుంటుంది. గదిలో మాట చేసినవాళ్లకు వినబడుతుంది. దానికి ఇంకో పని లేదు.

నేను మంచం మీద కూర్చున్నాను. దగ్గు వస్తే కూడా ఆపుకున్నాను.

అత్త పెట్టిన పట్టుచీర రంగు బాగాలేదని అమ్మ నా గదిలో అన్న మాట, రెండు రోజుల్లో అత్త నోట వినబడింది. హోసూరులో ఉద్యోగం చూస్తున్నానని స్నేహితురాలు వినోదినికి ఫోనులో చెబితే, అది బావ నోట వచ్చింది. అప్పుడు మనం ఎవరిని అనుమానించామో మీకు తెలుసు. నా గదిలో పడుకునే అవ్వను. తన కూతురైన అత్తకు అన్నీ మోస్తోందని, డెబ్బై ఎనిమిదేళ్ల మనిషికి సంచి సర్ది మదురైలో దొరై చిన్నాయన ఇంటికి పంపేశాం. బస్సు ఎక్కేటప్పుడు “నేనేమీ చెప్పలే” అని ఒక్కసారే అంది. రెండోసారి అనలేదు. అవ్వకు అక్కడ కుదురుకుందా అని అడిగారు. కుదురుకోలేదు. ఫోనులో ఇప్పుడు నాతో వానల గురించి తప్ప మాట్లాడడం లేదు.

అవ్వ విషయంలో చేయని పని ఈసారి చేశాను. నేరం మోపే ముందు సరిచూశాను. బోర్డును ఉన్నది ఉన్నట్టే పెట్టి, మరలు బిగించి, చార్జి నింపాను. బుధవారం పొద్దున గదిలో ఒక్కదాన్నే కూర్చుని, ఫోను చెవికి పెట్టుకొని, అవతల ఎవరూ లేకుండానే వినోదినితో మాట్లాడినట్టు మాట్లాడాను. రేపు పది గంటలకు గాంధీపురంలో హోసూరు బస్సు ఎక్కుతున్నాను, ఇంట్లో చెప్పడం లేదు అన్నాను.

గురువారం తొమ్మిదిన్నరకే బస్టాండు ఎదుట బట్టల అంగడి రెండో అంతస్తుకు పోయి, చీరలు చూస్తున్నట్టు కిటికీ దగ్గర నిలబడ్డాను. పది కాకముందే మదన్ బావ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఆకులో కట్టిన మల్లెలు. హోసూరు బస్సు ముందు తలుపున ఎక్కి, ఒక్కో సీటూ చూసుకుంటూ పోయి, వెనక తలుపున దిగాడు. తర్వాతి బస్సూ అట్లాగే. దాని తర్వాతదీ అంతే. ఆయన మొహంలో కోపం ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. బంధువు కోసం ఎదురుచూసే మనిషిలా నెమ్మదిగా ఉన్నాడు. అంగడి పిల్ల ఏ రంగు తీయాలక్కా అని అడుగుతూనే ఉంది.

ఆ సాయంకాలం అవే మల్లెలు మన ఇంటికి తెచ్చాడు. అంచులు ఎర్రబారి ఉన్నాయి. అమ్మ ఎదుటే నా చేతిలో పెట్టాడు.

“ఈ పొద్దు యాడికీ పోలేదా కణ్ణూ?”

“లేదు బావా. ఇంట్లోనే ఉండాను.”

“మంచిది. ఇట్లనే ఉండు.”

నిన్న పొద్దున బోర్డు ఊడదీసి అమ్మ అరచేతిలో పెట్టి, అంతా చెప్పాను. అమ్మ దాన్ని వేడిగా ఉన్నట్టు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

“ఎవరికీ చెప్పొద్దు. కట్టుకోబోయేవాడు, నీ మీద ఆశతో చేసినాడు. కల్యాణం అయితే అంతా సరిపోతాది.”

“అయినాక ఇది అక్కరలేదులేమ్మా. ఎదురుగానే కూర్చుని వింటాడు.”

అమ్మ బోర్డును తిరిగి నా చేతిలో పెట్టింది. దాన్ని ఎప్పట్లాగే స్పీకరులో పెట్టేయమని, బావకు అనుమానం రాకూడదని అంది. నేను పెట్టలేదు. నిన్న సాయంకాలం నుంచి బావ మన వీధి మలుపులో బండి ఆపుకొని ఉంటున్నాడు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా కిటికీలోంచి కనబడుతున్నాడు. లోపలికి రాడు, ఫోను చేయడు. తల కొంచెం పక్కకు వంచి మన ఇంటి వైపే చూస్తున్నాడు.

ఇంతవరకు రాయడం తేలికే. ఇక రాయడానికి చేయి రాని మాటలు ఉన్నాయి. అవ్వను మొదట అనుమానించింది అమ్మ అని మీరు అనుకుంటున్నారు. కాదు. అమ్మకు ఆ ఊహే లేదు. గదిలో నేను కాక ఉన్నది అవ్వ ఒక్కతే గదా అని నేనే లెక్క తేల్చి చెప్పాను. తెలివిగా కనిపెట్టానని లోలోపల పొంగిపోయాను కూడా. నన్ను మీరు ఎట్లా తప్పుగా అనుకున్నారో, అవ్వను నేనూ అట్లాగే అనుకున్నాను.

ఇంకొకటి. స్పీకరు విప్పిన రోజే, ఆ సిమ్ము ఎవరిదో తెలియాలని నా పాత ఫోనులో వేసి నా నంబరుకు ఫోను చేశాను. నా ఫోను మోగింది. తెర మీద ‘నాయన’ అని వచ్చింది. ఒక్క క్షణం మీరే చేస్తున్నారనుకొని ఎత్తబోయాను. గుంటూరు నంబరు తీసుకోకముందు మీరు వాడిన నంబరు అది. చిత్తిరై నెలలో సెలవుకు వచ్చినప్పుడు మదన్ అడిగితే ఇచ్చేశానని మీరే అన్నారు. ఏమని అడిగాడో, ఏమి తెలిసి ఇచ్చారో నేను అడగను. మీ ఉత్తరంలో ‘బయట విప్పించొద్దు’ అన్న చోట పెన్ను గట్టిగా నొక్కి ఉంది, కాగితం వెనక తడిమితే వేలికి తగులుతుంది. అంతకుమించి నాకు తెలిసింది లేదు. జవాబు రాయాలనిపిస్తే రాసి ఉంచండి.

ఆవణికి మాట్లాడి పెట్టిన కల్యాణ మండపానికి నిన్న మధ్యాహ్నం పోయి, వద్దని చెప్పి వచ్చాను. ఈ ఉత్తరం మీకు చేరేసరికి నేను ఈ ఇంట్లో ఉండను. మదురైలో అవ్వను చూసి, తప్పు నాదని ఆమె ఎదుట చెప్పి, అక్కడి నుంచి పోతాను. ఒకటో తేదీన ఉద్యోగంలో చేరుతున్నాను. అది హోసూరులో కాదు. ఏ ఊరో ఈ కాగితంలో రాయను. బోర్డూ సిమ్మూ నా దగ్గరే ఉన్నాయి, నా వెంట ఎవరైనా వస్తే అవి పోలీసు స్టేషనుకు పోతాయి.

మదన్ బావను నేను పెళ్లి చేసుకోను.

ఇట్లు,
మీ కూతురు
సరణ్య