తొమ్మిదింటి ఫెర్రీ

మావయ్యా,

పిల్లల్ని బడికీ కాలేజీకీ చేర్చే నీ ఫెర్రీ బస్సు బాగా నడుస్తోందని ఓర్వలేక నేను రూల్సు మాట్లాడుతున్నానని అమ్మ అంటోంది. నువ్వూ అదే నమ్మేవట. నాది ఓర్వలేనితనం కాదు, భయం.

రోజూ మా వరండాలోంచి చూస్తున్నాను. ఏడింటికి బడిపిల్లలు ఎక్కేటప్పుడు అద్దానికి స్కూలు బోర్డు ఉంటుంది. ఆయా డా మ్యా ఒక్కొక్కళ్ళనీ చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది. తలుపు వేసేదాకా బస్సు కదలదు. తొమ్మిదింటికి అదే బస్సు కాలేజీకి బయల్దేరుతుంది. అప్పుడు బోర్డు సీటు కిందకి పోతుంది, డా మ్యా ఇంటికి పోతుంది. సీట్ల మధ్య ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి, గాలికని తలుపు తాడుతో వెనక్కి కట్టేస్తారు.

మంగళవారం సంచౌంగ్ పేట మలుపులో మన వనజ కూర్చున్న స్టూలు తలుపుదాకా జారిపోయింది. పక్కనున్న అమ్మాయి దాని బ్యాగు పట్టుకు లాగబట్టి సరిపోయింది. తిడతారని చెల్లి ఇంట్లో చెప్పలేదు, నాకొక్కదానికే చెప్పింది.

తలుపేయించమని నేనడిగితే నువ్వు నవ్వేవు. "ఏటే, కాలేజీ పిల్లలకీ ఆయా కావాలేటి? పాలసీసా కూడా పెట్టమంటావా?" అన్నావు. ఆ రూల్సు బడిపిల్లలకేనన్నావు. చట్టంలో ఏం రాసుందో నాకు తెలీదు మావయ్యా. తెరిచిన తలుపులోంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల కూడా పడుతుంది.

వనజ ఇంక నీ బస్సెక్కదు. మిగతా ముప్పైమందీ రేపు కూడా ఎక్కుతారు. అందుకని చూసిందంతా బస్సు నంబరుతో సహా రాసేను. రేపు పొద్దున్న ఆ కాగితం కాలేజీ ఆఫీసులో ఇస్తాను.

నీ మేనకోడలు