ఇత్తడి బిందె మీది చిన్న చందమామ

బావా, బాగున్నావా? నువ్వు పోయి ఏడు నెలలైంది.

ఇందుమూలంగా సకల జనులకు ప్రకటించడమేమనగా... ఉడుమలైపేటలో నీ ఫోటో స్టూడియో గడియారం ఇప్పటికీ వెనకే నడుస్తోంది. అక్క సాంబారులో ఉప్పు మాత్రం ముందు నడుస్తోంది. తోడబుట్టినవాణ్ణి కాబట్టి రెండూ సహిస్తున్నాను.

నువ్వు గోడకు అంటించిన ప్లూటో ఫోటోలు అట్లాగే ఉన్నాయి. ఎక్కడో సూర్యుడి వేడి అందనంత దూరాన ఉన్న ఆ బుల్లి గ్రహాన్నీ, దాని చుట్టూ తిరిగే చిన్న చందమామలనీ ఒక యంత్రం ఆగకుండా పోతూ పోతూ తీసిందని ఎంత మురిసిపోయావు! నాకేమో ఒకటి పనసగింజలా కనబడింది, ఇంకోటి నాలుగు చుక్కలు. ఇందులో చందమామ ఎక్కడని ఎగతాళి చేస్తే ఏమన్నావు?

"ఏమిరా, పెండ్లికి పోయి పిల్లనీ మాప్పిళ్ళెనీ మాత్రం తీసి వచ్చేస్తామా? ఓరంగా నిలబడిన చిన్నోళ్ళని విచారించొద్దా? వాళ్ళు కుదురుగా నిలబడరు, మసకగానే పడతారు. పడితే చాలురా!"

ఏ పెండ్లిలోనూ చివరి వరసను నువ్వు వదల్లేదు. నిన్ను మాత్రం ఎవరం తీయలేదు... మీ పెండ్లి ఆల్బం ఎప్పుడో చెదల పాలైంది. కర్మ రోజుకి పటం కావాలని వెతికితే ఆధార్ కార్డు దొరికింది. అందులో కోళ్ళ దొంగలా ఉన్నావు. అక్క దాన్ని బోర్లించి, దండ ఒళ్ళో పెట్టుకుని గోడకున్న ఉత్త మేకు వైపే చూస్తూ కూర్చుంది. తినదు, మాట్లాడదు. నేనేం చేసేది?

నీ కంప్యూటర్ తెరిచాను. కినత్తుకడవు ఊళ్ళో జరిగిన పెండ్లి ఫోటోలో, పీటల పక్కనున్న ఇత్తడి బిందె మీద, కెమెరా ఎత్తి పట్టుకున్న నీ రూపు దొరికింది! పెద్దది చేయించాను. ఒక తల, ఒక భుజం, మిగతాదంతా చుక్కలు... అచ్చం నీ చందమామే. అక్క చాలాసేపు చూసింది. ఆ భుజం వంపు నీదేనంది. దండ వేసింది. ఆ పూట అన్నం తినింది.

ఇప్పుడు రోజూ మల్లెపూలు, సాంబ్రాణి. పటం ముందు నిలబడి నా మీద చాడీలు కూడా చెబుతోంది.

ఒక్క మాట, నీకు మాత్రమే. బిందె మీద ఉన్నది నువ్వన్నది నేను అల్లిన కథ. ఆ పూట కెమెరా నా చేతికిచ్చి, నువ్వు పంక్తిలో కూర్చుని పాయసం జుర్రుతున్నావు. ఆ మసక నేనే, బావా. బతికున్న తమ్ముడికి దండ వేస్తున్నానని తెలిస్తే అక్క నన్ను నిజంగానే పటం ఎక్కిస్తుంది.

నవ్వకు. నేను అక్కడికి వచ్చేదాకా నీ చోట కుదురుగా నిలబడతాను.

నీ బామ్మర్ది