శ్యామల కాగితంపై నా సంతకం

హన్మకొండ, 8-2-83

తమ్ముడు వీరభద్రానికి, అమ్మవారి దయవల్ల నేనూ నీ బిడ్డ శ్యామలా బాగున్నాము.

రెండు కార్డులు రాశాను, నీ జవాబు లేదు. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డున మొసలి గుడ్లు వెతికి కావలి కాసే పని శ్యామలకు దొరికింది. ఎండాకాలం నాలుగు నెలలే. ఇది చేస్తే యూనివర్సిటీలో రీసెర్చికి తీసుకుంటారట. ఇంటివాళ్ళ ఒప్పుకోలు కాగితం ఇవ్వడానికి నిన్ననే ఆఖరు తేదీ. ఆఫీసు గుమాస్తా తండ్రి సంతకం అడిగి, "ఆడపిల్ల మొసలి గుడ్లకాడ కావలుంటదా అమ్మా?" అన్నాడు. "కావలుండే మొసలి గూడ ఆడదే గద సార్" అన్నది నీ బిడ్డ. అతను నవ్వి కాగితం నా ముందుకు జరిపాడు. భద్రకాళిని తలచుకొని నేనే సంతకం పెట్టాను, నా పేరుతోనే. కోపమొస్తే నన్ను అను.

ఆదివారం పొద్దున బస్సు. నీ టార్చిలైటు, శ్యామల కాన్వాసు బూట్లు తీసుకొని శనివారానికల్లా రా. ఇసుకలో పాములుంటాయని నాకు గుబులుగా ఉంది. మరదలి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నువ్వుల నూనె కాచి రాయమను.

శ్యామల నిన్నటి నుంచి సరిగా తినడం లేదు. "మొసళ్ళ ఫికర్ లేదత్తమ్మా, బాపు ఏమంటడో" అంటున్నది. నువ్వే వచ్చి బస్సెక్కించు. మరదలికీ పిల్లలకూ నా దీవెనలు.

మీ అక్క,
శకుంతల