పన్నెండు అద్దాలు, ఒక మీసం

1, సోమవారం, ఉదయం 7.00
నిన్న సాయంత్రం చిత్రకళా ప్రదర్శనలో అద్దాలు తిప్పి గోడంతా వెలుగు మరకలు పరిగెత్తించారు. దాన్ని కళ అంటారట! పద్దెనిమిదేళ్లుగా సెలూన్లో అద్దాల ముందు నిలబడుతున్నవాణ్ణి, ఆమాత్రం నేను చెయ్యలేనా?

తీర్మానం: పదిహేను రోజుల్లో ఒకటి తయారు చేస్తాను. ప్రదర్శన నడిపే డ్రాయింగు మాస్టారు మన పాత గిరాకీయే. పదిహేనో తేదీన మొదలయ్యే తర్వాతి ప్రదర్శనకి హాల్లో ఒక మూల నాకు ఉంచుతానన్నారు.

కావాల్సినవి: అద్దం, ఫ్యాను మోటారు, ఎండ, పట్టుదల. చివరిది నా దగ్గర బోలెడుంది.

మా ఆవిడ "మళ్లీనా?" అంది. పోయినేడాది నేను వేణువు నేర్చుకోబోయిన సంగతి ఇంకా మర్చిపోలేదు.

3, బుధవారం
సెలూన్ అద్దాలు ముట్టుకుంటే పొట్ట గడవదు. ఇంట్లో బీరువా అద్దం రోజంతా ఖాళీగానే ఉంటుంది కదా! అద్దాల కొట్టాయన చేత పన్నెండు ముక్కలు కోయించాను. మా ఆవిడ ఆస్పత్రి డ్యూటీ నుంచి వచ్చి బీరువా వంక చూసింది, నా వంక చూసింది. ఏమీ అనలేదు. అభ్యంతరం లేదన్నమాట.

4, గురువారం
ఆవిడ స్టీలు కంచంలో చూసుకుని పాపిడి తీసుకుంది. వంకరగా వచ్చింది. చెప్పలేదు. ప్రాణం తీపి.

6, శనివారం, 9.15
అద్దం ముక్కలు సెలూన్లో ఫ్యాను మోటారుకి బిగించి స్విచ్చి వేశాను. తిరిగింది! గోడలు, పైకప్పు, గిరాకీల బట్టతలలు, అంతటా వెలుగే! ఒకాయన కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. వేగం తగ్గించాలి. ఫ్యానుకున్నవి మూడే వేగాలు: ఎక్కువ, మరీ ఎక్కువ, గాలివాన.

8: మబ్బు. సూర్యుడి తప్పు.
9: సెలూన్లోకి ఎండ వచ్చేది 9.10 నుంచి 9.40 దాకా. ఆఫీసులవాళ్లు వచ్చేదీ అప్పుడే. వాళ్ల తప్పు.
10: నడుం నొప్పి. ఎవరి తప్పో ఇంకా తేలలేదు.

12, శుక్రవారం, 9.20
మాస్టారు మీసం కత్తిరించుకోవడానికి వచ్చారు. పనిలో పనిగా చూపిద్దామని స్విచ్చి వేసి కత్తెర ఆడించాను. వెలుగు సూటిగా నా కంట్లో పడింది. రెప్ప వేసి తెరిచేసరికి ముప్పై ఏళ్ల మీసంలో ఎడమ సగం లేదు.

పన్నెండు అద్దాల్లోనూ అర మీసాలు గిరగిరా తిరిగాయి. నిజం చెప్పాలంటే అద్భుతంగా ఉంది. ఆ మాట ఆయనతో అనలేదు.

"మిగతాది కూడా తీసెయ్యి" అన్నారు మాస్టారు. "ఆ మూల వేరేవాళ్లకి ఇచ్చేశాను."

ఎప్పుడిచ్చారని అడిగాను. ఇప్పుడే అన్నారు.

13, శనివారం, 7.40
మా ఆవిడ డ్యూటీకి వెళ్తూ సెలూన్‌కి వచ్చింది. గిరాకీ కుర్చీలో కూర్చుని దువ్వెన అడిగింది.

"పది రోజులైంది, నా మొహం నేను సరిగ్గా చూసుకుని" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. సాయంత్రం సెలూన్లో అన్నిటికన్నా పెద్ద అద్దం ఊడదీసి ఇంట్లో బిగించాను. ఆవిడ అందులోంచి నన్ను చూసి నవ్వింది. ఇక ఈ పిచ్చి పనులు బంద్.

15, సోమవారం
ప్రదర్శన మొదలైంది. వెళ్లలేదు. కూర్చుని ఆలోచిస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో తెలిసింది. అద్దాలు మరీ చిన్నవైపోయాయి.

తీర్మానం: రేపటి నుంచి మళ్లీ మొదలు.

కావాల్సినవి: ఫ్యాను మోటారు, ఎండ, పట్టుదల, పెద్ద అద్దం ఒకటి.

అది ఎక్కడుందో తెలుసు. మా ఆవిడ ఎనిమిదింటికల్లా డ్యూటీకి వెళ్లిపోతుంది.