ఇరవై నిమిషాలకోసారి లేవాలి

శంషాబాద్,
12 ఫిబ్రవరి 2012

బాపూ,

నేను బాగున్నాను. ఫోన్‌లో అయితే మధ్యలోనే గదమాయిస్తావని కార్డు రాస్తున్నాను. పదో తరగతి పరీక్షలని నువ్వు చెల్లె సంతోషిని నాలుగైదు గంటలు ఒక్క బిగిన కుర్చీలోంచి లేవనివ్వడం లేదట, అమ్మ చెప్పింది.

కార్గో గోదాంలో నా పని పెట్టెలను ఎక్స్‌రే తెర మీద చూడడం. ఇరవై నిమిషాలకోసారి తెర ముందు మనిషి మారాలని రూలు. మొన్న పోటుగాడిలా గంటసేపు లేవకుండా చూశాను. నన్ను పరీక్షించడానికి ఒక పెట్టెలో పెట్టిన కత్తి నా కళ్ల ముందు నుంచే పోయింది. సూపర్‌వైజర్ యాదగిరన్న తిట్టలేదు. "కండ్లు తెర మీదనే ఉంటయి తమ్మీ, మనసే ఎటో పోతది. లేచి జర నీళ్లు తాగి రా, మళ్ల కనబడతది" అన్నాడు.

సంతోషిని కూడా అట్లాగే లేపు. బర్రెకు కుడితి పెట్టి వచ్చి, మళ్లీ కూర్చుంటుంది. చదివింది పుస్తకం మూసి నీకు చెప్పమను.

అమ్మ మోకాళ్ల మందు అయిపోయిందా? నా పాత స్వెటర్ పంపించు.

అమ్మకు దండాలు, చెల్లెకు దీవెనలు. జాగా అయిపోతోంది, ఒక్క మాట. నేను రెండుసార్లు ఇంటర్ తప్పింది ఆ కుర్చీలోనే. కూర్చోక కాదు బాపూ, నువ్వు లేవనివ్వక.

నీ కొడుకు,
శేఖర్